తిరగని జనరేటర్‌కు తరుగు

నేను పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ బర్మాలో, యాంగోన్ నగరంలోని బోటాటౌంగ్ పేటలో, నది ఒడ్డున ఉన్న పాత గిడ్డంగుల వరుసలో ఉంది. మా తాత, మా నాన్న ఆ రేవులోనే మూటలు మోశారు. వాళ్ళు మోసిన వీధిలోనే నేను మేడ మీద కుర్చీలో కూర్చుని లెక్కలు రాస్తున్నానని మా అమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ కుర్చీ వల్లే నాకు నిద్రపట్టని ఏడాది ఒకటి వచ్చిందని మాత్రం ఆవిడకు ఆలస్యంగా తెలిసింది.

యాంగోన్‌లో కరెంటు వంతులవారీగా వస్తుంది. కొన్ని గంటలు మా పేటకు, కొన్ని గంటలు పక్క పేటకు. ఆ వంతులు కూడా చెప్పినట్టు రావు. ఇంట్లో అయితే బ్యాటరీ దీపంతో గడిచిపోతుంది గానీ ఐస్ ఫ్యాక్టరీకి అలా కుదరదు. అచ్చుల్లో నీళ్ళు సగం గడ్డకట్టాక కరెంటు పోతే చేసిన పనంతా కరిగిపోతుంది. కింద చేపల వ్యాపారులు బండ్లు నిలబెట్టుకుని పైకి చూస్తుంటారు. మాకున్న పాత జనరేటర్‌ని మెకానిక్ రోజూ బతిమాలి నడిపేవాడు.

మా యజమానిది పబేడాన్ బజారులో పప్పులు, మసాలా దినుసులు అమ్మే కుటుంబం. వ్యాపారం పలచబడ్డాక ఆయన కొట్టు వేరేవాళ్ళకు ఇచ్చేసి, ఉన్నదంతా తెచ్చి ఈ ఫ్యాక్టరీలో పెట్టారు. మాకు చుట్టరికం లేదు, అయినా నేను ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. పనివాళ్ళు నన్ను సయామ అంటారు. బర్మాలో పంతులమ్మనీ, లెక్కలు రాసే ఆడమనిషినీ కూడా ఆ మాటతోనే పిలుస్తారు.

ఆ ఏడాది చలికాలంలో, సంవత్సరం ముగిసేలోపు కట్టాల్సిన పన్ను ఎంత ఉంటుందో అంచనా వేసి ఆయన ముందు పెట్టాను. ఇక్కడ పన్ను లెక్క మార్చి ఆఖరుతో ముగుస్తుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశారు.

“ఇదేటమ్మా? ఇంత లాభం ఎక్కడుంది? బీరువా తెరిసి సూపించు.”

“లాభం ఉంది బాబాయ్. డబ్బు నేదు.”

“అలాగెలాగుంటాది?”

అలాగే ఉంటుంది. ఆ ఏడాది ఐస్ బాగా అమ్ముడుపోయింది. వచ్చిన డబ్బంతా ఆయన కొత్త జనరేటర్‌కు బయానా కింద కట్టేశారు, మిగతాది వాయిదాల మీద కట్టాలి. ఆయన లెక్కలో ఆ డబ్బు ఖర్చయిపోయింది. పన్ను ఆఫీసు లెక్కలో ఖర్చు కాలేదు.

“మిషను ఏళ్ళ తరబడి పన్జేస్తాది కదా బాబాయ్. అందుకని దాని ఖరీదు ఒక్క ఏడాది ఖర్చు కింద ఒప్పుకోరు. ఏళ్ళ మీద పంచుతారు. ఏడాదికి పదో భాగం అనుకోండి, అంత మటుకే లాభంలోంచి తీసేసి, మిగిలిన దాని మీద పన్నేస్తారు. ఆ తీసేసేదాన్నే తరుగంటారు.”

“తరుగంటే బంగారం కొట్టోడు నా దగ్గిర లాగేదే కదా?”

“ఇక్కడ మనం లాక్కోవాల. గవర్నమెంటు దగ్గిర.”

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వుతూనే ఇంకో ప్రశ్న వేశారు. “మరి పాత జనరేటర్‌కి తరుగు రాదా?”

“దాని ఖరీదంతా ఎప్పుడో తీసేసుకున్నాం. పుస్తకంలో దాని విలువ సున్నా.”

“ఆ సున్నాయే కదమ్మా ఇప్పుడు మనకి ఐస్ సేసి పెడతంది!”

నాకూ నవ్వొచ్చింది. తర్వాత అసలు సంగతి చెప్పాను. మిషన్ ఆ సంవత్సరంలో ఎప్పుడు వాడకంలోకి వచ్చినా, ఆఖరి వారంలో వచ్చినా సరే, ఏడాది మొత్తానికీ తరుగు ఒప్పుకుంటారు. వాడకంలోకి రాకపోతే ఏమీ ఒప్పుకోరు. డబ్బు కట్టామని, ఓడ ఎక్కిందని, రేవులో దిగిందని చెప్తే చాలదు. మిషన్ మా షెడ్డులో నిలబడి పనిచెయ్యాలి. మా జనరేటర్ ఖరీదు మా ఏడాది లాభానికి కొన్ని రెట్లు. దాని తరుగు దొరికితే పన్ను బాగా దిగుతుంది. దొరక్కపోతే మొత్తం లాభం మీదా కట్టాలి, కట్టడానికేమో చేతిలో ఏమీ లేదు.

“మార్చిలోపల వొచ్చేస్తాదిలే,” అన్నారాయన. అమ్మినవాళ్ళు కూడా అదే మాట చెప్పారు.

అనుమతి కాగితాలు ఆలస్యమయ్యాయి. తర్వాత ఓడ ఆలస్యమైంది. ఆయన రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గరకు వచ్చి, “ఏటైనా తెలిసిందా?” అని అడిగేవారు. మధ్యాహ్నం మరోసారి అడిగేవారు. ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. అన్నం తిన్నాక నేను నది ఒడ్డుకు నడిచి, దూరంగా కనిపించే ఓడల్ని చూసి వచ్చేదాన్ని. మాది ఆ రేవుకు రాదని, చాలా కింద ఉన్న మరో రేవులో దిగుతుందని తెలుసు. అయినా చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఇంట్లో అన్నం సహించడం లేదని అమ్మ పసిగట్టింది. అడిగితే పన్ను సంగతి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. అమ్మకు ఆఫీసులంటే భయం. ఆవిడ గుర్తింపు కార్డు రంగు వేరు. పూర్తి పౌరులకిచ్చే రంగు కాదది. ఏ ఆఫీసులో చూపించినా బల్ల అవతలివాడు ఒకసారి కార్డును, ఒకసారి మనిషిని చూస్తాడు. నా కార్డు కోసం నాన్న ఎన్ని గుమ్మాలు తొక్కాడో ఆవిడకు తెలుసు.

“కాయితం మీద తప్పేటీ సెయ్యకే,” అంది. “పెద్దోళ్ళు డబ్బు కట్టి బయటపడిపోతారు. మనల్ని మాత్రం, నువ్వెవరు, మీ తాత ఎప్పుడొచ్చాడు, అని మళ్ళీ మొదట్నించీ అడుగుతారు.”

మార్చి మూడోవారం దాటాక జనరేటర్ లారీ మీద వచ్చింది. వీధివీధంతా గుమిగూడి చూసింది. క్రేను దాన్ని షెడ్డు ముందు దించుతుంటే బాబాయ్ చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. ఆయన ఇంటావిడ కొబ్బరికాయ పంపించింది. నేను మేడ మెట్ల మీద నిలబడి ఇన్నాళ్ళకు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు మెకానిక్ మూతలు విప్పాడు. ఆయన ట్వంటే దగ్గర పల్లెలో పుట్టిన తెలుగువాడు, నాకన్నా పెద్దవాడు. నేను అన్నా అంటాను. దాని పక్కన చాలాసేపు వంగి కూర్చుని, లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

“ఇంజను బాగుంది. కంట్రోలు పెట్టెలోకి నీళ్ళెల్లిపోయాయి. ఓడలోనో, రేవులోనో తెల్దు. బోర్డు కాలిపోయింది.”

“బాగుచెయ్యలేమా అన్నా?”

“కొత్తది రావాల. బేంకాక్ నుంచి తెప్పిస్తామన్నారు. పండగ ముందు రాదు.”

పండగంటే ఏప్రిల్ మధ్యలో వచ్చే నీళ్ళ పండగ, తింజాన్. మార్చి నెలాఖరుకు మాకు మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని రోజులే. మరో బోర్డు అద్దెకు దొరుకుతుందా అని మెకానిక్ ఊరంతా తిరిగాడు. ఆ రకానిది ఎవరి దగ్గరా లేదు. నేను పన్ను ఆఫీసులో తెలిసిన ఒకావిడకు ఫోన్ చేసి, మిషన్ వచ్చి షెడ్డులో ఉంటే చాలదా అని మాట వరసకు అడిగినట్టు అడిగాను. “పనిచేస్తోందా?” అందావిడ. నేను మాట మార్చి ఫోన్ పెట్టేశాను.

నెలాఖరు రోజు సాయంత్రం, పనివాళ్ళు వెళ్ళాక, బాబాయ్ మెకానిక్‌ను వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చారు. ఫ్యాన్ తిరగడం లేదు. కిటికీలోంచి నది వాసన వస్తోంది.

“అమ్మా, పోయిన వారం తిరిగిందని రాసెయ్. ఈ అన్న సంతకం పెడతాడు. మిషను షెడ్డులో ఉంది, ఎవరొచ్చినా సూసుకుంటారు. లోపల బోర్డు కాలిందో నేదో ఎవుడికి తెలుస్తాది?”

నేను మెకానిక్ వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తూ, “సయామ ఎలాగంటే అలాగ,” అన్నాడు. “నువ్వు రాస్తే నేను పెట్టేస్తాను.”

భారమంతా నా మీదకు వచ్చి పడింది. వద్దనే మనిషి మరొకరు ఉంటే బాగుండునని నాకు అప్పుడు అనిపించింది.

“బాబాయ్, బోర్డు పాడైందని మనమే అమ్మినోళ్ళకి మెయిల్ పెట్టాం. కొత్తది ఏప్రిల్లో వొస్తాది, ఆ రసీదు మీద తేదీ ఉంటాది. డీజిల్ కొన్నది పాత జనరేటర్‌కి సరిపోయినంతే. ఒక్క కాయితం మారిస్తే ఇవన్నీ ఏటి సెయ్యాల?”

“అంత లోతుకి ఎవుడు సూస్తాడమ్మా?”

“సూడకపోవచ్చు. సూస్తే?”

“సూస్తే నేను సూసుకుంటాను.”

“మీ మీదకి వొస్తే జరిమానా బాబాయ్. నా మీదకి వొస్తే మా అమ్మ మీదకి కూడా వొస్తాది.”

 బాబాయ్ కుర్చీలో కూలబడ్డారు. ఆయన చెడ్డమనిషి కాదు. పండగకు పనివాళ్ళకు బోనస్ ఇవ్వకపోతే వాళ్ళు వెళ్ళిపోతారని, డీజిల్‌వాడు అప్పివ్వడం మానేశాడని, పబేడాన్ కొట్టు పోయినప్పుడు కూడా తనకు ఇంత భయం వెయ్యలేదని చెప్పారు. చెప్తూ చెప్తూ గొంతు పెంచారు. “మాకు సదువుకున్న మనిషుందని ధైర్యంగా ఉన్నాను సయామా. ఇదేనా నువ్వు సేసే సాయం?”

ఎప్పుడూ అమ్మా అని పిలిచే మనిషి సయామా అన్నారు.  నేను తల అడ్డంగా ఊపాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. మెకానిక్ కూడా ఆయన వెనకే మెట్లు దిగాడు.

మర్నాడు ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియకుండానే వెళ్ళాను. బాబాయ్ రాలేదు. నాకు మేడ మీద కూర్చోబుద్ధి కాలేదు. తిరగనిదాన్ని తిరిగిందని రాయలేను. అయితే తిరుగుతున్నవన్నీ రాశానా? ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నన్ను వదల్లేదు. జనరేటర్‌కు దిమ్మె కట్టిన కాంట్రాక్టరే షెడ్డులో మరికొన్ని పనులు కూడా చేశాడు. అతను అన్నింటికీ కలిపి ఒకే బిల్లు ఇచ్చాడు. పని మొత్తం పూర్తయ్యాక చూద్దామని ఆ బిల్లంతా పూర్తికాని పని కింద ఉంచాను.

మెకానిక్‌ను పిలిచాను. “అన్నా, ఆ కాంట్రాక్టరు సేసిన పనుల్లో ఇప్పుడు మనం వాడుతున్నవేవో నాకు ఒక్కొక్కటీ సూపించు.”

ఇద్దరం షెడ్డంతా తిరిగాం. వెనక వైపు కొత్త చల్లగది ఉంది. మందపాటి పలకలతో గోడలు కట్టి, కొత్త తలుపు పెట్టారు. చలికాలం మొదట్లోనే అది పూర్తయింది. అప్పటి నుంచీ రొయ్యల వ్యాపారులు అందులో సరుకు పెడుతూనే ఉన్నారు, మేము అద్దె వసూలు చేస్తూనే ఉన్నాం. ఆ అద్దె లాభంలో కలిసింది గానీ గది ఖరీదు మీద తరుగు ఎక్కడా తీసుకోలేదు. నీళ్ళ ట్యాంకు కూడా అంతే. ఇవి జనరేటర్ తిరిగినా తిరక్కపోయినా వాడకంలో ఉన్నవే. పాత కంప్రెసరు గొట్టాలు తుప్పుపట్టిపోతే మార్చారు, అది కూడా ఆ బిల్లులోనే ఉంది.

“ఈ గొట్టాలు కొత్త మిషన్‌కా?” అని అడిగాను.

“కాదు, పాతదానికే. మార్చకపోతే ఆగిపోయేది. దాని పని దానికే, కొత్తగా ఏటీ కలవలేదు.”

అలాంటిది మరమ్మతు. మరమ్మతు ఖర్చును ఏళ్ళ మీద పంచక్కర్లేదు, ఆ ఏడాది లాభంలోంచే మొత్తం తీసేయవచ్చు. ఆ చల్లటి గదిలో, రొయ్యల బుట్టల మధ్య నిలబడి వణుకుతూనే నేను మనసులో కూడికలు మొదలుపెట్టాను. జనరేటర్ తరుగుతో సమానం కాదు గానీ, తీసిపారేసేంత తక్కువ కూడా కాదు.

కాంట్రాక్టరు చేత బిల్లును పనుల వారీగా విడగొట్టించడానికి వారం పట్టింది. ప్రతిదీ అసలు ధరకే రాయమన్నాను. అతను మొదట విసుక్కున్నాడు, తర్వాత ఇచ్చాడు. లెక్క తీసుకుని బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఆయన కాగితం చూసి, “ఇది మాత్రం ఒప్పుకుంటారేటి?” అని అడిగారు.

“ఒప్పుకోవాల. అడిగితే సూపించడానికి గది ఉంది, సరుకు ఉంది.”

“జనరేటర్‌ది పోయినట్టేనా?”

“పోలేదు బాబాయ్. ఈ ఏడు రాదు, వచ్చే ఏడు నుంచి వొస్తాది. ఎన్నేళ్ళు రావాలో అన్నేళ్ళూ వొస్తాది.”

“నాకు కావాల్సింది ఈ ఏడు కదమ్మా,” అన్నారు నెమ్మదిగా.  మిగిలిన పన్ను కట్టడానికి ఆయన తన కారు అమ్మేశారు. మర్నాటి నుంచి బస్సులో రావడం మొదలుపెట్టారు. ఎండలో చెమట తుడుచుకుంటూ గేటు దాటి వస్తుంటే, నేను కిటికీ దగ్గర నుంచి పక్కకు తప్పుకునేదాన్ని.

పండగ అయిపోయాక బోర్డు వచ్చింది. జనరేటర్ మొదటిసారి తిరిగిన రోజు మెకానిక్ నన్ను కిందకు పిలిచాడు. నేలంతా అదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆనాటి తేదీ వేసి, మెకానిక్ చేత సంతకం పెట్టించుకున్నాను.

వానలు ముదిరాక పన్ను ఆఫీసు నుంచి చూడడానికి వస్తున్నామని కబురు వచ్చింది. వాళ్ళు వచ్చేదాకా నేను ఆ బిల్లులే తిరగేస్తూ కూర్చున్నాను. బిల్లు విడగొట్టడాన్ని మోసం అనుకుంటారేమో, గొట్టాలు మరమ్మతు కిందకు రావంటారేమో, ఇవన్నీ పక్కనపెట్టి ముందు నా కార్డు అడుగుతారేమో. వచ్చినాయన నడివయసువాడు, తడిసిన గొడుగు తలుపు దగ్గర జాగ్రత్తగా పెట్టాడు. బర్మీస్‌లో మర్యాదగానే మాట్లాడాడు. చల్లగది తలుపు తీయించి లోపలికి వెళ్ళాడు, గోడ మీద చెయ్యి వేసి చూశాడు. రొయ్యల అద్దె రసీదులు అడిగాడు. కంప్రెసరు గొట్టాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత హోరెత్తిపోతున్న కొత్త జనరేటర్ ముందు ఆగాడు.

“ఇంత పెద్ద మిషన్. దీని తరుగు లెక్కలో కనిపించలేదే?”

“మార్చిలో వచ్చింది. పండగ తర్వాత గానీ నడవలేదు,” అన్నాను.

“బిల్లు మార్చిదేగా?”

“బిల్లు మార్చిదే. నడిచింది ఏప్రిల్‌లో.”

ఆయన నన్ను ఒకసారి చూశాడు.  ఏదో రాసుకున్నాడు. బాబాయ్ తెప్పించిన టీ తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కార్డు అడగలేదు.

ఆ తర్వాత కూడా నెల పైన ఏ కబురూ లేదు. పోస్టు వస్తే నేనే ముందు చూసేదాన్ని. చివరికి వచ్చిన కాగితంలో చల్లగది, ట్యాంకు ఒప్పుకున్నారు. గొట్టాల ఖర్చులో ఒక భాగాన్ని మాత్రం కొత్త సామాను కింద లెక్కగట్టి ఏళ్ళ మీద పంచారు. దానికి మరికొంత కట్టాల్సి వచ్చింది. జరిమానా లేదు. బాబాయ్ ఆ కాగితాన్ని నా చేత తెలుగులో చెప్పించుకుని విన్నారు. “పోన్లే అమ్మా,” అన్నారు.  ఆ సాయంత్రం అమ్మతో చెప్తే, ఆవిడ ముందు దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, తర్వాత “మళ్ళీ వొస్తారేటి?” అని అడిగింది. ప్రతి ఏడూ లెక్కలు అడుగుతారని చెప్పాను.

మరుసటి ఏడాది జనరేటర్‌కు ఆ ఏటి తరుగు మొత్తం మాకు దక్కింది. అయితే ఆ ఏడు డీజిల్ ధర ఎక్కడా ఆగలేదు. కరెంటు మరీ తగ్గింది. ఐస్ అమ్మింది తక్కువ, దానికి కాల్చిన డీజిల్ ఎక్కువ. తరుగు తీసేశాక లాభం మిగలకపోగా నష్టం తేలింది. నేను అంచనా కాగితం పట్టుకుని వెళ్ళేసరికి బాబాయ్ కిటికీ దగ్గర నిలబడి కింద బండ్లను చూస్తున్నారు.

“ఈసారి కట్టక్కర్లేదు బాబాయ్.”

ఆయన వెనక్కి తిరిగి కాగితం అందుకుని చూశారు. “తరుగొచ్చిందని కదా? మరి తీసెయ్యడానికి లాభమే నేకపోతే ఆ మిగిలిన తరుగు దండగేనా?”

“దండగ కాదు. నష్టం కింద నిలబడతాది. వొచ్చే మూడేళ్ళలో లాభం వొస్తే అందులోంచి తీసుకోవచ్చు.”

“అయితే మూడేళ్ళలోపల లాభం రావాల.”

“రావాల.”

కింద ఎవరో హారన్ కొట్టారు. చేపల బండి ఒకటి లోపలికి వస్తోంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగారు. నేను బల్ల దగ్గరకు వెళ్ళి, ఆ నెల డీజిల్ రసీదులు ముందుకు లాక్కున్నాను.